పడవ పాటకి ఊఁ కొట్టిన రోజు

2004 వేసవి. టెక్సాస్‌లోని ఇర్వింగ్. లాస్ కొలీనస్ అద్దాల ఆఫీసులు దాటి హైవే కిందుగా వెళ్తే గోడౌన్ల వరస ఒకటి వస్తుంది. అందులో టైల్స్ అమ్మే షోరూం వెనక ఉండేది మా రికార్డింగ్ స్టూడియో. బయట బోర్డు లేదు, ఎక్కడా కిటికీ లేదు. దారిన పోయేవాళ్ళు అదేదో సామాన్లు దాచుకునే షెడ్డు అనుకునేవాళ్ళు. లోపల మాత్రం ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు పాటలు రికార్డు చేసుకుని వెళ్ళేవారు. నేను అక్కడ రన్నర్‌ని.

రన్నర్ అంటే పైపనులన్నీ చూసే మనిషి. కాఫీ పెట్టడం, భోజనం వేళకి భోజనం చూడటం, గిటార్ తీగ తెగితే కొట్టుకి పోయి తేవడం, వాడిన కేబుళ్ళు మెలిక పడకుండా చుట్టి కొక్కేలకి తగిలించడం. మామూలుగా ఈ పనికి ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు చేరతారు, ఏదో ఒకరోజు ఇంజనీర్ కుర్చీలో కూర్చుంటామనే ఆశతో. నాకప్పటికి నలభై ఎనిమిదేళ్ళు. మొదట సాయంత్రాలు ఊడ్చి తుడిచే పనికి చేరాను. ఒకరోజు డ్రమ్స్ వాయించే ఆయన ఆకలి మీదున్నాడని నా డబ్బాలో పులిహోర పెట్టాను. ఆ వారం నుంచే వంటగది నాదైంది. మిగతా పనులు ఒకటొకటిగా వచ్చి చేరాయి.

స్టూడియోలో అన్నిటికన్నా కష్టమైన పని చప్పుడు చేయకపోవడం. పాడే గదిలోని మైకుకి కుర్చీ కిర్రుమన్నా వినబడుతుంది, పక్క గదిలో ఫ్రిజ్ మూలిగినా వినబడుతుంది. అందుకే టేక్ మొదలయ్యే ముందు ఏసీ ఆపేయాలి. టేక్ అంటే పాటను ఒకసారి మొదటి నుంచి చివరిదాకా పాడి రికార్డు చేయడం. జులై ఎండలో, కిటికీ లేని గదిలో ఏసీ ఆపితే ఎలా ఉంటుందో టెక్సాస్‌లో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. టేక్ అవగానే పరుగున వెళ్ళి ఏసీ వేసి, పాడినవాళ్ళకి చల్లటి తుండు అందించేది నేనే. పనిలోకి రాగానే చేతి గాజులు తీసి వంటగదిలో చక్కెర డబ్బా పక్కన పెట్టేదాన్ని. మా ఆయన దీనికి చాలాకాలం సణిగాడు.

స్టూడియో యజమానీ ఇంజనీరూ ఒక్కడే, గ్రెగ్. ఆరడుగుల పైబడిన మనిషి, పుట్టింది పెరిగింది టెక్సాస్‌లోనే. నన్ను "మిస్ సుభద్రా" అని పిలిచేవాడు. పెద్దవాళ్ళ పేరు ముందు మిస్ చేర్చడం ఇక్కడి పెంపకం. మాట చాలా తక్కువ. పాట విన్నాక కళ్ళు మూసుకుని, గడ్డం నిమురుకుంటూ అలా కూర్చుండిపోతాడు. లోపల పూర్తిగా తేలితే తప్ప నోరు విప్పడు. ఆ నిదానం కోసమే పేరున్నవాళ్ళు అతన్ని వెతుక్కుంటూ వచ్చేవారు.

ఆ జులైలో జపాన్ నుంచి మిసుజు వచ్చింది. ఇరవై ఏడేళ్ళ పిల్ల. ఆ దేశంలో ఆమె పాట తెలియని ఇల్లు లేదని, వీధిలోకి వస్తే జనం మూగుతారని గ్రెగ్ చెప్పాడు. ఆమె చేత ఇంగ్లీషులో ఒక ఆల్బమ్ పాడించి అమెరికాలో విడుదల చేయాలని ఆమె రికార్డు కంపెనీవాళ్ళ ఆలోచన. చూస్తే మాత్రం కాలేజీకి పోయే అమ్మాయిలా, పొట్టిగా, వీపున సంచీతో వచ్చింది. వెంట మేనేజర్ ఒగావా గారు. యాభై దాటిన మనిషి, ఆ ఎండలో కూడా కోటు విప్పేవాడు కాదు.

వచ్చిన రోజే అందరికీ మిఠాయి పెట్టెలు ఇచ్చింది. గ్రెగ్‌కి ఎలాంటి పెట్టె ఇచ్చిందో నాకూ అలాంటిదే, రెండు చేతులతో పట్టుకుని, నడుం వంచి ఇచ్చింది. నాకేం చేయాలో తోచక నేనూ రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకున్నాను. అది ఆ పిల్లకి ఎంత నచ్చిందంటే, మర్నాడు నేనిచ్చిన టీ కప్పుని కూడా కళ్ళకద్దుకుంది. టీ వేడిగా ఉంది, నేను కంగారుపడ్డాను.

నా వంటల్లో ఆమెకి అన్నిటికన్నా నచ్చింది చారు. అన్నంలో కలపకుండా గిన్నె రెండు చేతులా పట్టుకుని తాగేది. ఒక ఆదివారం నాతో ఇండియన్ స్టోర్‌కి వస్తానంది. మా ఆయన పనిచేసేది అక్కడే, కూరగాయల సెక్షన్‌లో. ఆమె వైపు ఎవరూ తిరిగి చూడటం లేదని ఆమె సంతోషం. కార్ట్ తనే తోసింది. బెండకాయ చివర విరిచి చూసి లేతదో ముదురుదో తెలుసుకోవడం మా ఆయన నేర్పితే, ఒక్కొక్కటే విరుస్తూ అక్కడే నిలబడిపోయింది.

"ఏమే, ఈ పిల్లేనా పెద్ద సింగర్ అన్నావు? మా మేనేజర్ చూస్తే బెండకాయలన్నీ ఈమె చేతే కొనిపిస్తాడు," అన్నాడు మా ఆయన తెలుగులో. ఆమెకి అర్థం కాకపోయినా నవ్వింది. నిజంగానే అన్నీ కొనేసింది.

మా ఇద్దరి మధ్యా మాటలు ఇంగ్లీషులోనే. ఇద్దరిదీ ముక్కల ఇంగ్లీషే. అవన్నీ ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. పేరు చివర సాన్ అని చేర్చేది, వాళ్ళ భాషలో అది మన గారు లాంటిది.

ఇక పని సంగతి. ఆల్బమ్‌లో పది పాటలు న్యూయార్క్ వాళ్ళు రాసినవి. ఆ పదింటికీ గైడ్ వోకల్స్ వచ్చాయి. గైడ్ వోకల్ అంటే అసలు గాయని పాడేముందు ఎలా పాడాలో చూపించడానికి ఇంకొకరు పాడి పంపే నమూనా. మిసుజు హెడ్‌ఫోన్స్‌లో దాన్ని మళ్ళీ మళ్ళీ విని, ఆ నమూనా పాడిన అమ్మాయి ఎక్కడ ఊపిరి పీల్చిందో తనూ అక్కడే పీల్చి, అచ్చం అలాగే పాడేది. పాట కాగితం మీద ఇంగ్లీషు వరసల పైన తన జపాన్ అక్షరాల్లో సన్నగా రాసుకునేది. నాకు చదువు నలభై దాటాక వచ్చింది. ఇక్కడి గుడి హాల్లో ఆదివారాలు పిల్లలకి తెలుగు చెప్పే క్లాసులో వెనక వరసలో కూర్చుని దిద్దుకున్నాను. ఏసీ స్విచ్ పక్కన నేను ఆన్, ఆఫ్ అని తెలుగులో రాసి అంటించుకున్న కాగితం ఆమెకి చూపించాను. "ఇద్దరం ఒకే క్లాసు," అంది.

పది పాటలూ అనుకున్నదానికన్నా ముందే అయిపోయాయి. గ్రెగ్ ఇంత శ్రద్ధగా పాడే మనిషిని చూడలేదన్నాడు. ఒగావా గారు కూడా ఆరోజు కోటు గుండీ ఒకటి విప్పాడు.

మిగిలింది పదకొండో పాట. అది మిసుజు తనే రాసి తనే బాణీ కట్టుకున్నది. ఆ పది పాటలూ మీరు చెప్పినట్టే పాడతాను, ఈ ఒక్కటీ నాది ఉండాలి అని కంపెనీని అడిగి ఒప్పించుకుందట. సొంత పాట కాబట్టి గైడ్ లేదు. అక్కడే చిక్కు వచ్చింది.

మొదటి రోజు పాడింది. స్వరం తప్పలేదు, మాట తప్పలేదు. కానీ పాటలో ప్రాణం లేదు. నాకు సంగీతం తెలియదు, అయినా తలుపు బయట తుండు పట్టుకుని, అక్కడి స్పీకర్లో విన్న నాకే తెలిసింది. అద్దం అవతల కంట్రోల్ రూంలో గ్రెగ్ కళ్ళు మూసుకుని గడ్డం నిమురుకుంటున్నాడు. ఇవతల మిసుజు ఒక్కతే నిలబడి అద్దంలోంచి అతన్ని చూస్తోంది. రెండు గదుల మధ్యా మాట వెళ్ళాలంటే అతను టాక్‌బ్యాక్ అనే బటన్ నొక్కి మాట్లాడాలి. నొక్కకపోతే పెదవులు కదలడం కనబడుతుందే గాని మాట వినబడదు. అతను పక్కన ఉన్న ఒగావా గారితో ఏదో అన్నాడు. మిసుజు మైకు ముందు నడుం వంచి "సారీ" అంది. ఆ తర్వాత బటన్ నొక్కి, బానే ఉంది, ఇంకోసారి చూద్దాం అన్నాడు గ్రెగ్. ఇంకో టేక్, మళ్ళీ ఆ మౌనం, మళ్ళీ సారీ. సాయంత్రానికి గొంతు ఇంకా చిన్నదైంది.

రెండో రోజూ అంతే. స్టూడియో వాళ్ళకి శుక్రవారం వరకే బుక్ అయి ఉంది. బుధవారం మధ్యాహ్నం ఒగావా గారు వంటగదిలో ఫోన్ మాట్లాడి వచ్చి, కంపెనీ వేరే డాన్స్ పాట పంపుతానంటోందని, ఈ పాట కుదరకపోతే శుక్రవారం అది పాడి వెళ్ళిపోదామని చెప్పాడు. ఆ పాటకి గైడ్ కూడా సిద్ధంగా ఉందట. ఆయన్ని చెడ్డవాడని అనలేను. ఆ పిల్ల పదహారేళ్ళప్పటి నుంచి వెంట ఉన్న మనిషి. చెబుతున్నప్పుడు ఆమె ముఖం వైపు చూడలేకపోయాడు. మిసుజు "హాయ్" అంది. వాళ్ళ భాషలో అది సరే అనడం.

ఆయన వెళ్ళాక చారు గిన్నె ముందు పెట్టాను. తాగలేదు. ఆ పాట దేని గురించమ్మా అని అడిగాను. చెప్పడం మొదలుపెట్టింది.

వాళ్ళది చిన్న ద్వీపం. అవతలి ఒడ్డున బడి, బజారు అన్నీ. వెళ్ళాలంటే ఫెర్రీ పడవ ఎక్కాలి. రేవులో ఫెర్రీ తాడు విప్పేది వాళ్ళ నాన్న. రోజూ బడికి పోయేటప్పుడు తాడు విప్పి వదిలేది ఆయనే, సాయంత్రం పట్టుకుని కట్టేదీ ఆయనే. పదహారో ఏట ఆమె పాటల కోసం టోక్యో వెళ్ళిపోయిన పొద్దున కూడా ఆయన మామూలుగానే తాడు విప్పాడు. ఏమీ అనలేదు. పడవ కదిలింది. పాటంతా ఆ ఒక్క పొద్దునే.

"ఊఁ," అన్నాను నేను గిన్నెలు తుడుస్తూ.

"జపనీస్‌లో చాలాసార్లు రాయబోయాను. నాన్నకి అర్థమవుతుందని సిగ్గు వేసింది. ఇంగ్లీషు ఆయనకి రాదు కదా, అందుకని ఇంగ్లీషులో ధైర్యం వచ్చింది."

"ఊఁ."

"ఈ ఆల్బమ్‌కి నేను ఒప్పుకున్నదే ఆ పాట కోసం, సుభద్ర-సాన్. అది లేకుండా తిరిగి వెళ్తే ఇంకెప్పటికీ పాడను." చారు గిన్నె పక్కకి జరిపి అడిగింది. "గ్రెగ్-సాన్‌కి నా మీద కోపమా?"

లేదమ్మా, అతని తీరే అంత, విన్నది లోపల అరిగించుకుంటాడు అని చెప్పాను. నమ్మినట్టు లేదు.

ఆ సాయంత్రం ఇంట్లో అన్నాలు తింటుంటే మా ఆయన స్టోర్‌లో జరిగిన గొడవ చెబుతున్నాడు. ఒకావిడ మామిడిపండ్ల పెట్టె కొని, సగం తిని, మిగిలిన సగం పుల్లగా ఉన్నాయని వెనక్కి తెచ్చిందట. మామూలుగా అయితే నేను బాగా నవ్వే కథే. నా ధ్యాస ద్వీపం మీద ఉంది. ఆయన చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయాడు.

"ఏమైంది, చెప్పు," అన్నాను.

"ఎవరికి చెప్పను? గోడకా? ఊఁ కొట్టవేం?"

"వింటూనే ఉన్నా."

"వింటే నాకెట్లా తెలుస్తుందే? నువ్వు ఊఁ అంటే కదా నాకు తర్వాతి మాట వచ్చేది. పో, ఆవిడ పండ్లూ వద్దు, నా కథా వద్దు." నిజంగానే అలిగి మజ్జిగ పోసుకున్నాడు.

అన్నం కలుపుతున్న నా చెయ్యి ఆగిపోయింది. వంటగదిలో ఆ పిల్ల అంతసేపు ఆగకుండా మాట్లాడటం, అద్దం గదిలో ఒక్క టేక్‌కే ముడుచుకుపోవడం, రెండూ ఒకేసారి గుర్తొచ్చాయి.

గురువారం పొద్దున కాఫీ ఇస్తూ మా ఆయన అలక కథ మిసుజుకి చెప్పాను. ఏదో నవ్విద్దామనే చెప్పాను గాని, ఇలా చేయి అని సలహా ఇచ్చే తెలివి నాకు లేదు. ఆమె నవ్వలేదు. వాళ్ళ దేశంలో కూడా అంతేనట. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే మధ్య మధ్య "ఉన్, ఉన్" అంటూ ఉండాలట. అనకపోతే వినడం లేదనో, కోపమొచ్చిందనో అనుకుంటారట. టోక్యోలో ఆమె చేత పాడించే ఆయన మైకు అందని దూరంలో, ఆమెకి కనబడేలా కూర్చుని తల ఊపుతూ ఉంటాడట. చెప్పి కప్పు కింద పెట్టింది.

"సుభద్ర-సాన్, ఇవాళ నాతో లోపల కూర్చుంటారా?"

గ్రెగ్ మొదట ఒప్పుకోలేదు. టేక్ నడుస్తుండగా పాడేవాళ్ళు తప్ప ఇంకెవరూ ఆ గదిలో ఉండకూడదని అతని నియమం. ఇంకో మనిషి ఊపిరి కూడా మైకుకి ఎక్కుతుంది. కానీ మిసుజు అంతవరకూ అతన్ని ఏదీ అడగలేదు. గడ్డం నిమురుకున్నాడు.

"మిస్ సుభద్రా, పొద్దున ఏమైనా తిన్నారా?"

"ఇడ్లీ తిన్నాను."

"మంచిది. ఆకలితో ఉన్న కడుపు డ్రమ్స్ కన్నా పెద్ద చప్పుడు చేస్తుంది," అన్నాడు.

తర్వాత నన్ను తయారు చేయడం ఒక పెద్ద పని అయింది. గాజులు ముందే తీసేశాను. మెడలో గొలుసు గలగలమంటుందని దూది చుట్టి జాకెట్ లోపలికి పిన్ను పెట్టాను. కాలి మెట్టెలు చెక్క నేల మీద టిక్కుమంటున్నాయని గ్రెగ్ తన మేజోళ్ళు ఇచ్చాడు. అవి నా మోకాళ్ళ దాకా వచ్చాయి. ఏ కుర్చీలో కూర్చున్నా కిర్రుమంది. చివరికి డ్రమ్స్ కింద పరిచే బొంత మడిచి నేల మీద వేశారు, దాని మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. ఏం జరిగినా నోరు తెరవనని గ్రెగ్‌కి మాటిచ్చాను. ఏసీ ఆపారు.

అంతకు ముందు నేనెప్పుడూ టేక్ నడిచేటప్పుడు లోపల లేను. అక్కడ కూర్చున్నాక గాని తెలియలేదు, ఆ గదిలో సంగీతం ఉండదని. పియానో, గిటార్ అన్నీ పాడేవాళ్ళ హెడ్‌ఫోన్స్‌లోనే మోగుతాయి. గదిలో వినబడేది ఒక్క గొంతే. అంచేత మిసుజు పాడుతుంటే నాకది పాటలా లేదు. ఎదురుగా నిలబడి ఒక మనిషి తన కథ చెబుతున్నట్టుంది. ఒక వరస చెప్పి ఆగుతుంది. ఆ ఆగినచోట ఆమెకి హెడ్‌ఫోన్స్‌లో పియానో వినబడుతూ ఉంటుంది. నాకు మాత్రం నిశ్శబ్దం. మళ్ళీ ఇంకో వరస.

మొదటి టేక్ నోటికి చెంగు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. ఆమె నన్ను చూస్తూ పాడింది. నిన్నటికన్నా మెరుగే. రెండో టేక్‌కి గదిలో వేడి పెరిగింది, చెంగు తీసి చెమట తుడుచుకున్నాను. మూడో టేక్ మొదలైంది. పొద్దున రేవులో పొగమంచు, వాళ్ళ నాన్న చేతి తొడుగులు, పక్కింటావిడ ఇచ్చిన నారింజపండ్ల సంచీ. ఇంగ్లీషులో అన్ని మాటలూ నాకు తెలియవు గాని, వంటగదిలో చెప్పిన కథే కాబట్టి కళ్ళకి కట్టినట్టు ఉంది. నాన్న వంగి తాడు విప్పాడు అనే చోటికి వచ్చింది. ఆ మాట చివర గొంతు సన్నగా సాగుతూ ఉండగా నా వైపు చూసి ఆగింది.

"ఊఁ," అన్నాను.

అన్నానని నాకు తెలియనే తెలియదు. తెలిసేసరికి ఆమె ముఖంలో నవ్వు వచ్చేసింది. ఊపిరిలో చిన్నగా వినబడే నవ్వు. ఆ నవ్వులోంచే తర్వాతి వరస అందుకుంది. అక్కడి నుంచి చివరిదాకా ఆ గొంతు వేరు. ఏడుపూ కాదు, సంతోషమూ కాదు. చెప్పాల్సింది చెప్పేస్తున్న మనిషి గొంతు. నేను రెండు చేతులతో నోరు మూసుకుని కూర్చున్నాను. ఇంత మంచి టేక్‌ని నేనే పాడుచేశాను, గ్రెగ్ ఇవాళే నన్ను పంపించేస్తాడు అనుకున్నాను.

పాట అయిపోయింది. అద్దం అవతల గ్రెగ్ కళ్ళు మూసుకున్నాడు. మిసుజు మైకు ముందు నిలబడి ఉంది. ఈసారి సారీ అనలేదు. తుండు కోసం నా వైపు చెయ్యి చాపింది. పరుగున తెచ్చివ్వాల్సిన నేను బొంత మీదే ఉన్నాను.

టాక్‌బ్యాక్ క్లిక్‌మంది. "అది ఎవరు?" అన్నాడు గ్రెగ్.

ఆ మధ్యాహ్నమంతా అతను నా ఊఁ తీయడానికే కష్టపడ్డాడు. స్టూడియోలో కాంపింగ్ అనే పని ఒకటుంది. రకరకాల టేక్‌ల నుంచి బాగున్న ముక్కలు ఏరి, అతుకు తెలియకుండా ఒకే పాటగా కలపడం. రెండో టేక్‌లోని ఆ వరసను తెచ్చి ఇక్కడ అతికించాడు. అతుకు కనబడలేదు, కానీ పాట అక్కడ చల్లబడింది. పోనీ ఊఁ ఒక్కటీ చెరిపేద్దామంటే అది ఆమె గొంతు చివర మీద పడి ఉంది, ఒకటి తీస్తే రెండోదీ పోతుంది. మళ్ళీ పాడించాడు. నేను ఈసారి నిజంగానే నోరు మూసుకున్నాను. ఆ నవ్వు రాలేదు. కావాలని నవ్వితే దొంగ నవ్వులా ఉంది.

"మీ ఊఁ తీసేస్తే ఆ పిల్ల ఎందుకు నవ్విందో వినేవాళ్ళకి తెలియదు, మిస్ సుభద్రా," అన్నాడు. తిట్టలేదు. కుర్చీలో వెనక్కి వాలి, ఒగావా గారిని తీసుకురమ్మని నన్నే పంపాడు.

ఒగావా గారు వచ్చి నిలబడే విన్నాడు. ఊఁ దగ్గర తల ఎత్తాడు. పాట పూర్తయ్యాక ఇంకోసారి వేయమన్నాడు. నేను టీ ట్రే పట్టుకుని తలుపు దగ్గర ఉన్నాను.

"ఈ గొంతు ఎవరిది?"

"నాదేనండీ," అన్నాను.

"దానికి అర్థం ఏమిటి?"

"అర్థం ఏమీ లేదండీ. వింటున్నాను, తర్వాత చెప్పు అని."

ఆయన మిసుజు వైపు తిరిగాడు. ఆమె వాళ్ళ భాషలో చెప్పడం మొదలుపెట్టింది. మెల్లగా మొదలై, తర్వాత గబగబా, చేతులు తిప్పుతూ చాలాసేపు చెప్పింది. ఒక్క ముక్కా నాకు తెలియలేదు. కానీ ఆమె చెబుతున్నంతసేపూ ఒగావా గారు "ఉన్... ఉన్..." అంటూనే ఉన్నాడు. గ్రెగ్ నా వైపు చూశాడు. నేను టీ ట్రే వైపు చూశాను.

ఆమె ఆగాక ఆయన కోటు విప్పి కుర్చీకి తగిలించి కూర్చున్నాడు. వాళ్ళు వచ్చాక కోటు లేకుండా ఆయన్ని చూడటం అదే మొదటిసారి.

"శుక్రవారం డాన్స్ పాట అక్కర్లేదు," అన్నాడు. "ఇది ఇలాగే ఉంటుంది. కంపెనీ అడిగితే, ఇండియన్ ఇన్‌స్ట్రుమెంట్ అని చెబుతాను."

"ఏం పేరు చెబుతారు?" అని అడిగాడు గ్రెగ్.

ఒగావా గారు ముఖం కదపకుండా, "సుభద్ర," అన్నాడు.

ఆ తర్వాత గ్రెగ్‌లో ఒక మార్పు వచ్చింది. టేక్ అవగానే కళ్ళు మూసుకోవడం మానలేదు, ఆ పనికి అది కావాలి. కానీ ముందు బటన్ నొక్కి "విన్నాను, ఒక్క నిమిషం" అని, ఆ తర్వాత కళ్ళు మూసుకోవడం నేర్చుకున్నాడు. అంత చిన్న మాటకి అద్దం ఇవతల ఉన్నవాళ్ళ భుజాలు కిందికి దిగడం నేను ఎన్నోసార్లు చూశాను. కొత్తగా చేరే రన్నర్లకి కేబుల్ చుట్టడం, ఏసీ సంగతి నేర్పాక ఒక మాట చెబుతాను. చప్పుడు చేయకపోవడం మన పనే, కానీ అది మైకు దగ్గర. మనిషి దగ్గర కాదు. పాడినవాళ్ళు గది బయటికి వచ్చినప్పుడు ఫోన్ చూసుకుంటూ తుండు అందించకండి. మీకు పాట అర్థం కాకపోయినా ఫరవాలేదు, విన్నారని వాళ్ళకి తెలియాలి. విని ఊరుకుంటే చాలని అనుకునేదాన్ని నేనూ. అవతలి మనిషికి తెలియని వినడం వాళ్ళకి అందదని ఆ పిల్ల పాట వల్ల, మా ఆయన అలక వల్ల తెలుసుకున్నాను.

ఆల్బమ్ అమెరికాలో ఆడలేదు. వచ్చిందీ పోయిందీ కూడా చాలామందికి తెలియదు. మిసుజు దానికి బాధపడినట్టు నాకు అనిపించలేదు. మరుసటి ఏడాది వసంతంలో స్టూడియోకి ఫోన్ చేసి నన్ను పిలవమంది. సెలవులకి ఇంటికి వెళ్ళి సీడీ ఇస్తే, వాళ్ళ నాన్న దాన్ని ఫెర్రీలో కెప్టెన్ గదిలో ఉన్న ప్లేయర్‌లో వేయించాడట. పాట మొదలు నుంచి చివరిదాకా రేవు వైపే చూస్తూ నిలబడి విన్నాడట. తన గుండె ఎంత గట్టిగా కొట్టుకుందో చెబుతూ నవ్వింది.

"ఏమన్నారమ్మా?" అని అడిగాను.

"మధ్యలో ఆ ఆవిడెవరు అని అడిగారు. ఎందుకు నాన్నా అన్నాను. ఈ పాటంతటిలో నాకు అర్థమైంది ఆవిడ అన్నదొక్కటే అన్నారు."

"ఊఁ."

"తర్వాత, మళ్ళీ పెట్టు అన్నారు."